హజార్డస్ వేస్ట్ గురించి మన దిక్కు యూనిట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చౌటుప్పల్, చిట్యాల, బీబీనగర్ ఫార్మా యూనిట్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, జడ్చర్ల, కొత్తూరు షెడ్లు, 65, 44 నంబర్ జాతీయ రహదారుల పక్కనున్న గ్యారేజీలు... ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా సందేహాలు దాదాపు అవే. అందుకే అన్నిటినీ ఒక్కచోట రాసిపెట్టాం. ఈ జవాబులకు ప్రధాన ఆధారం పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్రం 2016 ఏప్రిల్ 4న నోటిఫై చేసిన ప్రమాదకర (హజార్డస్), ఇతర వ్యర్థాల నియమాలు. ఇక్కడ బోర్డు అన్నచోటల్లా తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి అని చదువుకోండి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## మాకు వర్తిస్తుందా?

మాది మందుల ఫ్యాక్టరీ కాదు, లారీల గ్యారేజీ. మాకు కూడా హజార్డస్ వేస్ట్ ఉంటదా?

ఉంటది. ఇంజిన్ నుంచి దింపిన బ్లాక్ ఆయిల్ 2016 నియమాల షెడ్యూలు 1లో (ప్రమాదకర వ్యర్థాల జాబితాలో) 5.1 నంబరు కింద ఉంది. ఆయిల్ తుడిచిన కాటన్ వేస్ట్ 33.2 కిందికి వస్తుంది. నూనె పట్టిన ఫిల్టర్లు, ట్యాంకు అడుగు మడ్డి కూడా ప్రమాదకర వ్యర్థాలే. ఇంజిన్ అరిగినప్పుడు రాలిన లోహపు పొడి, కాలిన ఇంధనం మసి ఆ నూనెలోనే ఉంటాయి. దాన్ని సెంట్రింగ్ పలకలకు పూయడానికో, చెదలకు గుంజల మొదట్లో పోయడానికో లీటరు లెక్కన అమ్మడం మన దగ్గర మామూలైపోయింది. అది ఆగాలి. వర్షం పడితే అదంతా మట్టిలోకి, అక్కడి నుంచి బోర్లలోకి దిగుతుంది. బ్లాక్ ఆయిల్‌ను ఆథరైజేషన్ (ప్రమాదకర వ్యర్థాలకు బోర్డు ఇచ్చే అనుమతి) ఉన్న, వాడిన నూనెను మళ్లీ శుద్ధి చేసే రీ-రిఫైనర్‌కే ఇవ్వండి, లేదా రిజిస్టర్ అయిన కలెక్షన్ ఏజెంటుకు ఇవ్వండి. వాడిన నూనెకు 2024 ఏప్రిల్ 1 నుంచి ఉత్పత్తిదారు బాధ్యత పద్ధతి (నూనె తయారుచేసినవాళ్లే వాడాక దాని రీసైక్లింగ్ బాధ్యత కూడా తీసుకోవడం) అమల్లోకి వచ్చింది. దాని కింద కలెక్షన్ ఏజెంట్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ రిజిస్ట్రేషన్ కాపీ చూపించమని అడగండి, నూనె ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

బాయిల్డ్ రైస్ మిల్లులో ప్రమాదకర వ్యర్థం ఏముంటది? ఊక బూడిదా?

ఊక బూడిద దుమ్ము సమస్య తెచ్చిపెడుతుంది కానీ ఈ జాబితాలో లేదు. మిల్లులో చూసుకోవలసినవి జనరేటర్ నుంచి తీసిన ఆయిల్, గేర్‌బాక్సుల ఆయిల్, నూనె గుడ్డలు, ఫిల్టర్లు. ఏడాది మొత్తానికి ఒకటి రెండు డ్రమ్ములే కావచ్చు. కన్సెంటుకు (యూనిట్ నడపడానికి బోర్డు ఇచ్చే సమ్మతికి) అప్లై చేసేటప్పుడే వాటినీ చూపించాలి.

ఏది హజార్డస్, ఏది కాదు అనేది ఎట్ల తెలుసుకోవాలి?

ముందు షెడ్యూలు 1 చూడండి. అందులో పరిశ్రమల వారీగా ఏ ప్రక్రియలో ఏ వ్యర్థం వస్తుందో ఉంటుంది. మీ ప్రక్రియ, మీ వ్యర్థం అక్కడ కనిపిస్తే అది ప్రమాదకరమే. ఉదాహరణకు మందుల తయారీ 28వ నంబరు. ప్రాసెస్ రెసిడ్యూ (తయారీలో మిగిలే మడ్డి), వాడేసిన కెటలిస్ట్ (రసాయన చర్యను వేగపరిచే పదార్థం), స్పెంట్ (వాడేసిన) కార్బన్, నాణ్యత తప్పిన సరుకు, గడువు తీరిన సరుకు, స్పెంట్ సాల్వెంట్లు (వాడేసిన, కరిగించే ద్రవాలు) ఆ నంబరు కిందే ఉన్నాయి. షెడ్యూలు 1లో దొరకకపోతే షెడ్యూలు 2కు వెళ్లాలి. అక్కడ సీసం, ఆర్సెనిక్, క్రోమియం లాంటి పదార్థాలకు మోతాదు హద్దులుంటాయి. మంటంటుకోవడం, తగిలినదాన్ని తినేయడం, పేలడం, విషం కావడం లాంటి గుణాలూ ఉంటాయి. అందుకు ల్యాబ్ రిపోర్టు కావాలి. కాగితాల కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. ప్లాంటులో ముడి సరుకు దిగే చోటు నుంచి చివరి డ్రెయిన్ దాకా ఒక నోట్‌బుక్ పట్టుకుని నడవండి. ప్రతి యంత్రం దగ్గర ఆగి "ఇక్కడి నుంచి ఏం బయటికొస్తుంది, ఎటు పోతుంది" అని అడిగి రాసుకోండి. షిఫ్ట్ ఆపరేటర్‌కు తెలిసినవి మేనేజర్‌కు తెలియనివి ఆ నడకలో బయటపడతాయి.

హాస్పిటల్ చెత్త, పాత కంప్యూటర్లు, బ్యాటరీలు, థర్మల్ ప్లాంటు బూడిద ఇవన్నీ దీని కిందికే వస్తాయా?

రావు. ఆసుపత్రి వ్యర్థాలకు 2016 బయోమెడికల్ నియమాలున్నాయి. ఈ-వేస్ట్‌కు, బ్యాటరీలకు 2022లో వచ్చిన వేర్వేరు నియమాలున్నాయి. దామరచర్ల దగ్గరి యాదాద్రి ప్లాంటు లాంటి చోట్ల వచ్చే ఫ్లైయాష్‌కు ప్రత్యేక నోటిఫికేషన్ ఉంది. పైపులో పోయే కలుషిత జలం నీటి చట్టం కిందికి, చిమ్నీ పొగ గాలి చట్టం కిందికి వస్తాయి. అయితే ఆ జలాన్ని శుద్ధి చేశాక అడుగున మిగిలే రసాయన స్లడ్జ్ (బురద) షెడ్యూలు 1లో 35.3 నంబరు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

మేం పోచంపల్లిలో నూలు రంగులు అద్దుతాం. ఇంట్లో పనికి కూడా ఇదంతా అవసరమా?

ఇంటి ముందు రెండు గంగాళాలు పెట్టుకుని నూలు అద్దే నేత కుటుంబం వేరు, బాయిలర్ పెట్టి ఊరందరి నూలూ అద్దే డైయింగ్ యూనిట్ వేరు. సింథటిక్ రంగులు పారిశ్రామికంగా వాడినచోట వచ్చే స్లడ్జ్, మడ్డి షెడ్యూలు 1లో 26వ నంబరు కింద ఉంది. గద్వాల, నారాయణపేట యూనిట్లకూ ఇంతే. ఇంటి స్థాయిలో వాళ్లు కనీసం ఇది పాటించండి. కాస్టిక్, హైడ్రో (రంగులద్దడంలో వాడే రసాయనాలు) డబ్బాలను పిల్లలకు అందకుండా పెట్టండి, ఖాళీ డబ్బాల్లో తాగే నీళ్లు పోయకండి, రంగు నీళ్లను చేదబావి వైపు పారనివ్వకండి.

మా దిక్కు నీళ్లు ముందే ఫ్లోరైడ్‌తో పాడైనయి. మా వేస్ట్ వల్ల కొత్తగా పోయేదేముంది?

ఈ మాట మునుగోడు, మర్రిగూడ వైపు ఎంతో బాధతో అంటారు, అనడంలో అర్థం ఉంది. కానీ ఫ్లోరైడ్ మన గ్రానైటు రాళ్ల నుంచి ప్రకృతి సహజంగా దిగేది. సాల్వెంట్లు, లోహాలు మనం కలిపేవి. మిషన్ భగీరథ వచ్చాక తాగే నీళ్లకు దారి దొరికింది. పొలానికి, గొడ్లకు చాలాచోట్ల ఇప్పటికీ బోరే ఆధారం. మన నేలలో నీళ్లు ఇసుక పొరల్లో నెమ్మదిగా ఇంకవు, రాతి పగుళ్ల వెంట పోతాయి. అందువల్ల మీ షెడ్డు వెనక పోసింది పక్క బోరును వదిలేసి దూరపు బోరులో తేలవచ్చు. ఒకసారి పగుళ్లలోకి దిగిన సాల్వెంట్‌ను తిరిగి బయటికి తీయడం దాదాపు అయ్యే పని కాదు.

## అనుమతి తీసుకునేటప్పుడు

సీఎఫ్ఓ ఉంది కదా, మళ్లీ ఆథరైజేషన్ ఎందుకు?

యూనిట్ నడపడానికి నీటి, గాలి చట్టాల కింద ఇచ్చే సమ్మతి సీఎఫ్ఓ. ఏ ప్రమాదకర వ్యర్థం, ఎంత మోతాదులో పుడుతుంది, ఎక్కడ నిల్వ ఉంటుంది, ఎవరికి పోతుంది అనేదానికి ఇచ్చే అనుమతి ఆథరైజేషన్. మన రాష్ట్రంలో బోర్డు చాలా యూనిట్లకు రెండూ కలిపి ఒకే ఆర్డరుగా ఇస్తుంది. అందుకే కొంతమందికి తమ దగ్గర ఆథరైజేషన్ ఉందన్న సంగతే తెలియదు. ఆర్డరు బయటికి తీసి చూడండి. వ్యర్థం పేరు, షెడ్యూలు నంబరు, టన్నులు, పంపే మార్గం ఉన్న పట్టిక కనిపిస్తే అదే మీ ఆథరైజేషన్. ఆ పట్టికను ప్రింటు తీసి స్టోర్ గోడకు అంటించండి.

అప్లికేషన్‌తో ఏ కాగితాలు పెట్టాలి?

దరఖాస్తు ఫారం 1. బోర్డు ఆన్‌లైన్ సమ్మతి పోర్టల్‌లో వేయాలి. కొత్త యూనిట్ అయితే రాష్ట్ర సింగిల్ విండో ద్వారా కూడా పోతుంది. సీఎఫ్ఈ (యూనిట్ కట్టడానికి ఇచ్చే సమ్మతి), సీఎఫ్ఓ కాపీలు, ప్రక్రియ వివరణ, ఏ దశలో ఏ వ్యర్థం ఎంత వస్తుందో చూపే లెక్క, నిల్వ షెడ్డు నక్షా, వ్యర్థం తీసుకునే కేంద్రంతో లేదా రీసైక్లర్‌తో ఒప్పందం సిద్ధంగా ఉంచుకోండి. రెన్యూవల్‌కు పాత ఆథరైజేషన్ కాపీ, దాని షరతులు ఎంతవరకు పాటించారో మీరే ధ్రువీకరించిన నివేదిక కావాలి.

ఎన్ని రోజుల్లో వస్తది? ఎన్నేళ్లు చెల్లుతది?

అన్ని వివరాలతో దరఖాస్తు అందిన 120 రోజుల్లోపు బోర్డు నిర్ణయం తీసుకోవాలి. చెల్లుబాటు 5 ఏళ్లు. గడువు తేదీ దగ్గరపడే దాకా ఆగకండి. ఆ 120 రోజులను వెనక్కి లెక్కేసుకుని అంతకన్నా ముందే రెన్యూవల్ వేయండి.

మాది వైట్ కేటగిరీ (కాలుష్యం అతి తక్కువ ఉన్న యూనిట్ల వర్గం). కన్సెంటే అక్కర్లేదు. అయినా ఆథరైజేషన్ కావాలా?

2019 మార్చిలో వచ్చిన సవరణ ప్రకారం, నీటి, గాలి చట్టాల కింద సమ్మతి అక్కరలేని పరిశ్రమలకు ఆథరైజేషన్ నుంచి మినహాయింపు ఉంది. అయితే ఒక షరతు. మీ దగ్గర పుట్టిన ప్రమాదకర వ్యర్థాన్ని అనుమతి ఉన్న వినియోగదారుకో, సేకర్తకో, డిస్పోజల్ కేంద్రానికో అప్పగించాలి. అప్పగించినట్టు కాగితం లేకపోతే ఆ మినహాయింపును చూపించుకోలేరు.

ఫారం 1లో క్వాంటిటీ తక్కువ చూపిస్తే తలనొప్పి తగ్గుతదని చెప్పిన్రు. నిజమేనా?

అబద్ధం, పైగా ప్రమాదం. మీ ముడి సరుకు కొనుగోలు బిల్లులు, ఉత్పత్తి లెక్కలు, అమ్మకాలు అన్నీ తనిఖీ అధికారి ముందుంటాయి. ఇంత సాల్వెంట్ కొంటే ఇంత తిరిగి రావాలి, ఇంత మడ్డి మిగలాలి అని కూర్చుని లెక్కేస్తే పది నిమిషాల్లో తేడా తేలిపోతుంది. రాసినదానికన్నా ఎక్కువ పుడితే ఆ ఎక్కువను చట్టబద్ధంగా పంపే దారి ఉండదు, అది దొంగదారి పడుతుంది. ఉత్పత్తి పెంచుతున్నారా? ముందే సవరణకు అప్లై చేయండి.

అప్లికేషన్ రిజెక్టు చేస్తే?

కారణాలు రాతపూర్వకంగా ఇస్తారు. ఆ ఆర్డరు మీద 30 రోజుల్లో రాష్ట్ర పర్యావరణ శాఖ అప్పిలేట్ అధికారి దగ్గరికి వెళ్లొచ్చు.

షెడ్డు అద్దెకిచ్చిన. అద్దెకున్నోళ్లు డ్రమ్ములు వదిలి పారిపోయిండ్రు. నాకేం సంబంధం?

సంబంధం ఉంది. నియమాల్లో బాధ్యుడు అంటే ఫ్యాక్టరీ మీద, ఆ జాగా మీద అదుపు ఉన్నవాడు మాత్రమే కాదు, ఆ వ్యర్థం ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లు కూడా. తాళం మీ చేతికి వచ్చిందంటే డ్రమ్ములూ మీ చేతికి వచ్చినట్టే. అటువంటి షెడ్డు తలుపు తీసినప్పుడు ఏం చూస్తారో చెప్తాను. ఉబ్బిన మూతలు, అడుగు తుప్పుపట్టి చెమ్మగిలిన డ్రమ్ములు, లేబుళ్ల మీద సగం చెరిగిన అక్షరాలు, కళ్లు మండించే వాసన. కూలీలను పెట్టి జరిపించకండి, మూతలు తీయించకండి, వెల్డింగ్ పని దగ్గరికి రానివ్వకండి. తలుపులు తీసి గాలి ఆడనిచ్చి బయటికి వచ్చేయండి. ఫొటోలు, డ్రమ్ముల లెక్క, అద్దె ఒప్పందం కాపీతో బోర్డు రీజినల్ ఆఫీసుకు వెంటనే రాతపూర్వకంగా తెలపండి, పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి. వ్యర్థం తరలించే ఖర్చు అద్దెదారు నుంచి రాబట్టుకునే హక్కు మీకుంటుంది. అయితే ముందు తరలింపు జరగాలి. ఇకముందు అద్దెకిచ్చేవాళ్లు ఒప్పందంలో రెండు వాక్యాలు చేర్చండి. బోర్డు ఆర్డరు కాపీ చూపిన తర్వాతే తాళం ఇవ్వాలి, ఖాళీ చేసేటప్పుడు చివరి లోడు మానిఫెస్ట్ (వ్యర్థం వెంట పోయే రవాణా పత్రం) చూపిన తర్వాతే అడ్వాన్సు తిరిగివ్వాలి.

## నిల్వ

ఎన్ని రోజులు నిల్వ ఉంచుకోవచ్చు?

90 రోజులు. ఏడాదికి 10 టన్నుల లోపు పుట్టే చిన్న యూనిట్లకు, కొన్ని ప్రత్యేక సందర్భాలకు బోర్డు 180 రోజుల దాకా పొడిగించవచ్చు. అడిగి ఆర్డరు తెచ్చుకుంటేనే అది పొడిగింపు. లారీ నిండేదాకా ఆగాం అనే కారణం చెల్లదు. సరుకు తక్కువైతే పక్క యూనిట్లతో మాట్లాడుకుని ఒకే రోజు బండి పిలిపించుకోండి, ఖర్చు పంచుకోవచ్చు. ఎవరి మానిఫెస్ట్ వాళ్లదే ఉండాలి.

నిల్వ షెడ్డు ఎట్ల ఉండాలి?

పైన కప్పు, కింద పగుళ్లు లేని కాంక్రీటు, చుట్టూ ఒలికింది బయటికి పోకుండా చిన్న గట్టు, నేల ఒక మూలకు వాలుగా ఉండి అక్కడొక గుంట. ఆ గుంటకు వాన కాల్వతో ఎక్కడా కలయిక ఉండకూడదు. డ్రమ్ములు ప్యాలెట్ల మీద, మూడు వరుసల ఎత్తుకు మించకుండా, మధ్య మనిషి నడిచి చూసేంత సందు వదిలి పెట్టాలి. మంటంటుకునేవి వేరే గదిలో ఉండాలి, ఆ గదిలో మామూలు స్విచ్చులు పనికిరావు. యాసిడ్, క్షారం పక్కపక్కన వద్దు. మన ఎండలను లెక్కలోకి తీసుకోండి. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో సాల్వెంట్ డ్రమ్ము ఒత్తిడి పెరిగి మూత ఉబ్బుతుంది. రేకుల కింద గాలి ఆడే సందు వదలండి, డ్రమ్మును నిండుగా నింపకండి.

లేబుల్ మీద ఏం రాయాలి?

ఫారం 8 నమూనా వాడాలి. మెరిసే పసుపు నేపథ్యం, దాని మీద ప్రమాదకర వ్యర్థం అన్న మాట, జాగ్రత్తగా వాడమన్న హెచ్చరిక ఎర్ర అక్షరాల్లో హిందీ, ఇంగ్లీషు, తెలుగు మూడింటిలో ఉండాలి. తెలుగు తప్పనిసరిగా చూసుకోండి, డ్రమ్ము ఎత్తేది తెలుగు చదివే కూలీ. నీళ్లకు, ఎండకు పోని లేబుల్ కావాలి, మార్కర్‌తో రాసిన అట్టముక్క సరిపోదు. వ్యర్థం పేరు, నింపిన తేదీ, పంపేవారి వివరాలు ఉండాలి.

కెమికల్ ఖాళీ డ్రమ్ములు స్క్రాపోళ్లకు అమ్మొచ్చా?

నేరుగా అమ్మకూడదు. ప్రమాదకర రసాయనాలు నింపిన ఖాళీ డ్రమ్ములు, క్యాన్లు, లోపలి కవర్లు షెడ్యూలు 1లో 33.1 కింద ప్రమాదకర వ్యర్థాలే. ఈ ఒక్క జవాబు మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది ఫ్యాక్టరీ గేటు దాటి ఇళ్లల్లోకి పోతుంది. ఎండాకాలం వచ్చిందంటే రోడ్డు పక్కన నీలి రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు వరుసగా పేర్చి అమ్ముతుంటారు. దగ్గరికి వెళ్లి చూడండి. పక్కన ఒకచోట గీకిన గుర్తు, ఆ గీతల మధ్య చెరగని ఎర్ర డైమండ్ ప్రమాద గుర్తు మూల, మూత తీస్తే సబ్బు వాసన కింద ఇంకేదో వాసన. ఆ డ్రమ్ములో పెండ్లింటికి తాగే నీళ్లు పోస్తారు, పొలం దగ్గర కూలీల నీళ్లు పోస్తారు, బియ్యం కూడా నిల్వ చేస్తారు. ప్లాస్టిక్ గోడలోకి ఇంకిన రసాయనం సబ్బుతో పోదు. అందుకే డ్రమ్ములను మీ యూనిట్‌లోనే సరైన పద్ధతిలో కడిగి, ఆ కడిగిన నీళ్లను ఈటీపీకి (కలుషిత జలం శుద్ధి ప్లాంటుకు) పంపి, బోర్డు ఆర్డరులో రాసిన పార్టీకే ఇవ్వండి. కడగడం కుదరకపోతే సరఫరాదారుకు వెనక్కి పంపే ఒప్పందం చేసుకోండి, లేదా అనుమతి ఉన్న కేంద్రానికి పంపండి. బయటికి పోయేముందు ఒక రంధ్రం పొడవండి, నీళ్ల డ్రమ్ముగా మారే అవకాశమే ఉండదు.

హజార్డస్ వేస్ట్‌లో మామూలు చెత్త కలిపి పంపిస్తే ఏమైతది?

మొత్తం లోడు హజార్డస్ అవుతుంది, టన్నుకు కట్టే చార్జీ పెరుగుతుంది. అంతకన్నా భయపెట్టేది రసాయనాల కలయిక. యాసిడ్ మడ్డి, సల్ఫైడ్ ఉన్న స్లడ్జ్ ఒకే డ్రమ్ములో పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, ఆ వాయువు మనిషిని నిమిషాల్లో కూలదోస్తుంది. పేరు తెలియని డ్రమ్ములో ఏదీ కలపకండి.

## బయటికి పంపేటప్పుడు

మా వేస్ట్ ఎక్కడికి పోవాలి?

నియమాలు ఒక వరుస పెట్టాయి. పుట్టకుండా చూడటం, తగ్గించడం, తిరిగి వాడటం, రీసైక్లింగ్, కో-ప్రాసెసింగ్ (సిమెంట్ బట్టీల్లాంటి చోట ఇంధనంగానో ముడి సరుకుగానో వాడటం) లాంటి వినియోగం, ఇవేవీ కుదరకపోతే చివరికి సురక్షితంగా పారవేయడం. మన రాష్ట్రంలో చివరి దానికి దుండిగల్‌లో ఉమ్మడి కేంద్రం ఉంది. అక్కడ వ్యర్థం భూమిలోకి ఇంకకుండా పూడ్చే సెక్యూర్డ్ ల్యాండ్‌ఫిల్, కాల్చే ఇన్సినరేటర్ రెండూ ఉన్నాయి. మీరు ముందు నమూనా పంపాలి. వాళ్లు పరీక్షించి నేరుగా పూడ్చాలా, స్థిరపరిచి పూడ్చాలా, కాల్చాలా అని తేల్చి ధర చెప్తారు. స్పెంట్ సాల్వెంట్లు, బ్లాక్ ఆయిల్ లాంటివి అనుమతి ఉన్న రీసైక్లర్లకు పోవాలి.

వాడపల్లి, మట్టంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నయి కదా. వాళ్లు తీసుకోరా?

కో-ప్రాసెసింగ్ అనుమతి ఉన్న కిల్న్ (బట్టీ) అయితే తీసుకోవచ్చు. సిమెంట్ కిల్న్‌లో సరుకు 1,400 డిగ్రీల సెల్సియస్ పైన కాలుతుంది, బూడిద సిమెంట్‌కు ముడి రూపమైన క్లింకర్‌లోనే కలిసిపోతుంది, విడిగా పారవేసేది మిగలదు. మండే గుణమున్న ఆర్గానిక్ రెసిడ్యూలకు, స్పెంట్ కార్బన్‌కు ఇది మంచి దారి. కానీ క్లోరైడ్ ఎక్కువుంటే వాళ్లు వద్దంటారు, అది కిల్న్ లోపల పేరుకుని దారి మూసేస్తుంది. ఫార్మా యూనిట్లలో కలుషిత జలాన్ని ఆవిరి చేసి ఆరబెట్టే ఎంఈఈ, ఏటీఎఫ్‌డీ సాల్టులు అందుకే సాధారణంగా ల్యాండ్‌ఫిల్‌కు పోతాయి. ఆ సాల్టు నీళ్లలో ఇట్టే కరుగుతుంది. సంచులు ఆరుబయట పెట్టి ఒక్క వాన పడనిస్తే ఏడాదంతా కష్టపడి నీళ్ల నుంచి విడదీసిన ఉప్పు తిరిగి భూమిలోకి పోయినట్టే. మార్గం మార్చాలంటే మీ ఆథరైజేషన్‌లోనూ ఆ మార్గం చేర్పించుకోవాలి.

మానిఫెస్ట్‌లో ఏడు కాపీలు ఎందుకు? ఏది ఎవరికి?

ఫారం 10 మానిఫెస్ట్‌కు రంగుల కాపీలుంటాయి. తెల్లది మీరు బోర్డుకు పంపాలి. పసుపుది బండివాళ్ల సంతకంతో మీ దగ్గర ఉండాలి. మిగతావి బండితో పోతాయి. గులాబీది తీసుకున్నవాళ్లు ఉంచుకుంటారు. నారింజది ట్రాన్స్‌పోర్టర్‌కు ఇస్తారు. ఆకుపచ్చది వ్యర్థం తీసుకున్నవాళ్లు బోర్డుకు పంపుతారు. నీలిది మీకు తిరిగి పంపుతారు. బూడిద రంగుది, మీరు వేరే రాష్ట్రం వాళ్లయితే, మీ రాష్ట్ర బోర్డుకు పోతుంది.

వీటిలో మీరు కళ్లలో వత్తులు వేసుకుని చూడవలసింది నీలి కాపీ. అది చేతికి వచ్చేదాకా మీ వ్యర్థం గమ్యం చేరిందన్న రుజువు మీ దగ్గర లేనట్టే. లారీ చౌటుప్పల్ దాటి దుండిగల్ చేరకుండా మధ్యలో ఎక్కడో వాగులో దించేసి వస్తే, డ్రైవర్ ఎవరో ఎవరికీ గుర్తుండదు, డ్రమ్ము మీద లేబుల్ మీ పేరే చెప్తుంది. నీలి కాపీ మీద తూకం మీ గేటు తూకంతో పోల్చండి. తేడా ఉంటే ఆ రోజే ఫోన్ చేసి అడగండి. వారం దాటినా నీలిది రాకపోతే బోర్డుకు రాతపూర్వకంగా చెప్పండి. సంతకాల ఖాళీలతో ముందే మానిఫెస్ట్ పుస్తకం నింపి పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది మానేయండి, రేపు ఏదైనా జరిగితే ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు.

బండి ఎవరు పెట్టాలి? ఏ లారీ అయినా పర్వాలేదా?

మీరు పెట్టవచ్చు, తీసుకునేవాళ్లు పెట్టవచ్చు. ఎవరు ఏర్పాటు చేస్తే రవాణా అనుమతి, దారిలో భద్రత బాధ్యత వాళ్లది. అది మానిఫెస్ట్‌లో స్పష్టంగా రాయాలి. డ్రైవర్ చేతిలో ఫారం 9 కార్డు ఉండాలి. ఒలికితే ఏం చేయాలి, మంట లేస్తే ఏం వాడాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ అందులో ఉంటాయి. బయలుదేరేముందు ఆ కార్డును డ్రైవర్‌కు తెలుగులో చదివి వినిపించండి. కూరగాయలు, దాణా తెచ్చే బండిలో తిరుగు ప్రయాణంలో వ్యర్థం వేయడం ఎంత చవక అయినా వద్దు.

రాయచూరు, కర్నూలు పార్టీలు ఎక్కువ ధరకు కొంటామంటున్నరు. ఇవ్వొచ్చా?

రీసైక్లింగ్‌కు, కో-ప్రాసెసింగ్‌కు వేరే రాష్ట్రం పోతుంటే, అప్పగించే ముందే రెండు రాష్ట్రాల బోర్డులకు సమాచారం ఇవ్వాలి. చివరిగా పారవేయడానికైతే రెండు బోర్డుల నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ముందుగా ఆ పార్టీ ఆథరైజేషన్ అడిగి, మీ వ్యర్థం పేరు అందులో ఉందో లేదో, గడువు ఉందో లేదో, సంవత్సర సామర్థ్యం ఎంతో చూడండి. మిగతావాళ్లంతా తీసుకోవడానికి మీ దగ్గరే డబ్బు అడుగుతుంటే ఒకడు ఎదురు డబ్బిస్తానంటే, ఆ సరుకుతో ఏం చేస్తాడో అడగాల్సిందే.

## రిజిస్టర్లు, రిటర్నులు

రోజూ ఏం రాయాలి?

ఫారం 3. తేదీ, షెడ్యూలు ప్రకారం వ్యర్థం రకం, టన్నుల్లో పరిమాణం, ఎట్లా నిల్వ చేశారు, ఎవరికి పంపారు. ఎప్పటిదప్పుడే రాయండి. తనిఖీకి ముందు రాత్రి ఒకే పెన్నుతో మూడు నెలలు నింపిన రిజిస్టర్ చూడగానే తెలిసిపోతుంది. ఫారం 3 నిల్వ, షెడ్డులో ఉన్న డ్రమ్ముల లెక్క ఎప్పుడు చూసినా కలవాలి.

యాన్యువల్ రిటర్న్ ఎప్పుడు?

ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క, ఫారం 4లో, ప్రతి ఏడాది జూన్ 30 లోపు. వ్యర్థం ఏమీ పుట్టని ఏడాది కూడా సున్నా అని రాసి వేయడం మంచిది.

గేటు దగ్గర వివరాల పలక పెట్టాలన్నరు. అది దేనికి?

2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల. లోపల ఏ ప్రమాదకర రసాయనాలు వాడుతున్నారు, ఎంత వ్యర్థం పుడుతుంది, దాన్ని ఏం చేస్తున్నారు అన్న వివరాలు గేటు బయట ఊరివాళ్లు చదివేలా ఉండాలి. పెయింట్ వెలిసిపోయిన పాత అంకెలు కాకుండా తాజా అంకెలు తెలుగులో రాయించండి. దాపరికం లేని యూనిట్ మీద ఊరికి అనుమానం కూడా తగ్గుతుంది.

## ఏదైనా జరిగినప్పుడు

డ్రమ్ము పగిలి ఒలికింది. ముందు ఏం చెయ్యాలి?

మనుషులను గాలి ఎటు నుంచి వీస్తుందో అటు వైపుకు జరపండి. మంటకు కారణమయ్యేవన్నీ ఆపండి. వాన కాల్వల నోళ్లను ఇసుక సంచులతో మూయండి. ఇసుక, రంపపు పొట్టు చల్లి పీల్చుకోనివ్వండి. ఆక్సిడైజర్లు, నైట్రిక్ యాసిడ్ లాంటి వాటి మీద రంపపు పొట్టు వేయకూడదు, మంట లేస్తుంది. పైపుతో నీళ్లు కొట్టి కడిగేయడం అందరికీ తోచే పని, అదే అన్నిటికన్నా చెడ్డ పని. ఎత్తిన ఇసుక కూడా ప్రమాదకర వ్యర్థమే. బోర్డుకు వెంటనే ఫోన్, ఈమెయిల్ చేసి, ఫారం 11లో నివేదిక ఇవ్వాలి.

ఇప్పుడు జైలు తీసేసి ఫైన్ మాత్రమే పెట్టిండ్రంట కదా?

సగమే నిజం. జన విశ్వాస్ చట్టం సవరణల తర్వాత, 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 వేలు అదనం. జరిమానా 90 రోజుల్లో కట్టకపోతే మూడేళ్ల దాకా జైలు, లేదా ఆ కట్టని జరిమానాకు రెట్టింపు దాకా ఫైన్, లేదా రెండూ పడవచ్చు. ఇవి కాక పర్యావరణానికీ ఇతరులకూ జరిగిన నష్టమంతా భరించే బాధ్యత వేరు. మూసివేత ఆర్డరు, కరెంటు కట్ వేరు. పాడైన నేలను బాగుచేసే ఖర్చు చాలాసార్లు జరిమానాను చిన్నది చేసేస్తుంది.

మాది ఊరు, కంపెనీ కాదు. రాత్రిపూట ట్యాంకర్ వచ్చి చెరువు అలుగు దగ్గర ఏదో వదిలిపోయింది. ఎవరికి చెప్పాలి?

వెంటనే 112కు ఫోన్ చేయండి, బోర్డు రీజినల్ ఆఫీసుకు చెప్పండి, పంచాయతీ కార్యదర్శితో రాతపూర్వకంగా పెట్టించండి. బండి నంబరు, సమయం, ఏ దారిన వచ్చిందో రాసుకోండి. దూరం నుంచి ఫొటో తీయండి. దాన్ని ముట్టుకోవద్దు, వాసన చూడొద్దు, సీసాలో పట్టుకోవద్దు. నమూనా అధికారులే తీయాలి, అప్పుడే అది సాక్ష్యంగా నిలుస్తుంది. గొడ్లను, గొర్రెలను అటు పోనివ్వకండి. ఆ చెరువు చేపలు, పక్క బోరు నీళ్లు పరీక్ష రిపోర్టు వచ్చేదాకా వాడకండి. స్థానికంగా స్పందన రాకపోతే సనత్‌నగర్‌లోని బోర్డు ప్రధాన కార్యాలయానికి, కలెక్టర్‌కు ఫిర్యాదు పంపండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి చెన్నైలో ఉంది.

యూనిట్ మూసేస్తున్నం. ఏమేం ముగించాలి?

మిషనరీ అమ్మకానికి పెట్టకముందే వ్యర్థాల పని మొదలుపెట్టండి. కొనేవాళ్లు రియాక్టర్లు విప్పుకుపోతూ లోపలి మడ్డిని నేల మీదే గుమ్మరించి పోతారు. రియాక్టర్లు, పైపులు, ఈటీపీ ట్యాంకులు, భూమిలోపలి సంపులు ఖాళీ చేసి, ఆ మడ్డిని మానిఫెస్ట్ మీద పంపండి. కరెంటు కనెక్షన్ తీయించే ముందే ఇది అయిపోవాలి, పంపులు నడవకపోతే సంపు ఖాళీ కాదు. చివరి లోడు నీలి కాపీ, ఆ ఏడాది ఫారం 4, ఖాళీ షెడ్డు ఫొటోలు జతచేసి మూసివేత సంగతి రీజినల్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన కాపీ తీసుకోండి. జాగా అమ్ముతుంటే ఆ ఫైలు కొనేవాళ్లకు కూడా ఒక సెట్ ఇవ్వండి.